0030 అంటే ఎన్నింటికి? మిలిటరీ టైమ్‌ని ఏఎం, పీఎంలోకి మార్చడం, అటు నుంచి ఇటు తేవడం

మీరడిగింది ఇదీ: కొత్త డ్యూటీ చార్టులో వేళలన్నీ 0030, 0545, 1230, 2145, 2400 అని నాలుగంకెల్లో వస్తున్నాయి. 1300 దాటినవాటికి 12 తీసేస్తే లెక్క కుదురుతోంది గానీ, 0030 దగ్గరా 1230 దగ్గరా ప్రతిసారీ తడబడుతున్నారు. 0000, 2400 ఒకటేనా అన్నది రెండో సందేహం. చార్టు మొత్తాన్ని ఎక్సెల్‌లో ఒకేసారి మార్చుకోవచ్చా అన్నది మూడోది.

ముందు జవాబులు చెప్పేస్తాను. 0030 అంటే అర్ధరాత్రి దాటిన అరగంటకి, 12:30 ఏఎం. 1230 అంటే మధ్యాహ్నం పన్నెండున్నర, 12:30 పీఎం. 0545 తెల్లవారి 5:45 ఏఎం, 2145 రాత్రి 9:45 పీఎం. 2400 అంటే ఆ తేదీ ముగిసే క్షణం. అది మర్నాటి 0000తో సమానమే, కానీ పక్కన రాసే తేదీ మారుతుంది. ఎక్సెల్‌లో మార్చుకోవచ్చు, ఫార్ములా కింద ఇచ్చాను. అయితే అందులో 2400 ఒక్కటి రోజు తేడా కొడుతుంది, అది చూసుకోవాలి.

ఇక ఎందుకు తడబడుతున్నారో చూద్దాం. "1300 దాటితే 12 తీసెయ్" అన్న సూత్రమే అందరికీ నేర్పుతారు. అది తప్పు కాదు, సగమే. రోజులో రెండు గంటలు దానికి లొంగవు: 00తో మొదలయ్యేది, 12తో మొదలయ్యేది. మిగతా ఇరవై రెండు గంటలకీ ఆ సూత్రం సరిపోతుంది.

ఈ రెండింటికీ కలిపి ఒకే మాట గుర్తుపెట్టుకుంటే చాలు: పన్నెండు గంటల గడియారంలో 12 అన్న అంకె నిజానికి సున్నా. ముల్లు 12 మీదికి వచ్చిందంటే కొత్త లెక్క మొదలైందని అర్థం. 12:05, 12:30, 12:59 అన్నీ ఒంటిగంట కంటే ముందు వస్తాయి, తర్వాత కాదు. గడియారం పలక మీద సున్నా రాసే అలవాటు లేక 12 రాశారు, అంతే. ఆ 12ని మనసులో సున్నాగా చదివితే చిక్కు విడిపోతుంది.

పన్నెండు నుంచి ఇరవై నాలుగుకి: గంట 12 అయితే దాన్ని 0 చెయ్యండి. తర్వాత పీఎం అయితే 12 కలపండి, ఏఎం అయితే అలాగే వదిలెయ్యండి. 12:30 ఏఎంలో 12 సున్నా అయింది, ఏఎం కాబట్టి కలిపేదేం లేదు, 0030. 12:30 పీఎంలోనూ 12 సున్నా అయింది, పీఎం కాబట్టి 12 కలిసింది, 1230. 7:20 పీఎంకి 12 కలిపితే 1920. మినహాయింపులు లేవు, రోజంతటికీ ఇదొక్కటే.

ఇరవై నాలుగు నుంచి పన్నెండుకి: గంట 12 కంటే తక్కువైతే ఏఎం, 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే పీఎం. ముందు ఇది తేల్చుకోండి. తర్వాత 12 గానీ ఆపైన గానీ ఉంటే 12 తీసెయ్యండి. మిగిలింది సున్నా అయితే దాని బదులు 12 రాయండి. 1230లో 12 తీస్తే 0 మిగిలింది, 12 రాశాం, 12:30 పీఎం. 0030లో తియ్యడానికేం లేదు, సున్నానే ఉంది, 12 రాశాం, 12:30 ఏఎం. ఏఎమా పీఎమా అన్నది అంకెని మార్చకముందే తేల్చుకోవాలి. మార్చాక చూస్తే రెండు చోట్లా 12:30 అనే కనిపిస్తుంది, అక్కడే చెయ్యి జారుతుంది.

నిమిషాల జోలికి అసలు వెళ్ళొద్దు. కుడివైపు రెండంకెలు ఏ పద్ధతిలోనైనా అవే.

నోటిలెక్కకి చిన్న కిటుకు ఉంది. 13 నుంచి 19 దాకా, ముందున్న ఒకటిని వదిలేసి రెండో అంకెలోంచి 2 తీసెయ్యండి: 17లో 7 ఉంది, రెండు తీస్తే 5. 19లో 9, రెండు తీస్తే 7. 20, 21, 22, 23 మాత్రం 8, 9, 10, 11 అని బట్టీ పట్టడమే మేలు. నాలుగే కదా. ఎక్కువ మంది పొరబడేది 20 దగ్గర. 2000 చూడగానే రాత్రి పది అనుకుంటారు, అది ఎనిమిది. 22 గంటలు అయితేనే పది.

0000కీ 2400కీ తేడా

ఇది మీ రెండో ప్రశ్న. కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే నిమిషాలు కాదు, ఏకంగా రోజు పోతుంది.

15వ తేదీ 0000 అంటే 15వ తేదీ మొదలైన క్షణం. 14వ తేదీ రాత్రి నిద్రపోకుండా కూర్చుంటే వచ్చే పన్నెండు అది. 15వ తేదీ 2400 అంటే 15వ తేదీ అయిపోయిన క్షణం, అంటే 16వ తేదీ 0000. రెండింటి మధ్య సరిగ్గా 24 గంటలు. 2400ని ముగింపు వేళకే వాడతారు, మొదలుకి వాడరు. "0000 నుంచి 2400 వరకు" అంటే పూర్తి రోజు. "2400 నుంచి 0800 వరకు డ్యూటీ" అని రాసి ఉంటే మాత్రం రాసినవాళ్ళని అడగాల్సిందే, ఏ తేదీ ఉద్దేశమో ఆ రాతలో లేదు. 2401 అనే వేళ లేనే లేదు, అది 0001.

తేదీలు, వేళలు రాసే పద్ధతికి ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో కూడా ఈ 24:00 ఒక చోట కుదురుగా కూర్చోలేదు. 2004 కూర్పు దాన్ని ఒప్పుకుంది, 2019 కూర్పు తీసేసింది, 2022 సవరణలో మళ్ళీ చేర్చారు. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ 24:00 తీసుకుని ఇంకొకటి ఎర్రగీత పెడితే ఆశ్చర్యపోకండి. విమాన వాతావరణ సూచనల్లో టాఫ్ అనే సందేశం ఉంటుంది. అందులో చెల్లుబాటు గడువు 1500/1524 అన్నట్టుగా వస్తుంది: 15వ తేదీ 00 గంట నుంచి 15వ తేదీ 24 గంట దాకా. మొదలుకి 00, చివరకి 24. పద్ధతి అంటే అదీ.

మీ చార్టు మీరే తయారుచేసే రోజు వస్తే సున్నాలతో పేచీ పెట్టుకోకండి. గడువులకి 2359 అనీ, మొదలుకి 0001 అనీ రాసేస్తే ఒక్క నిమిషం పోతుంది గానీ ఎవరూ తేదీ తప్పరు.

ఏఎం, పీఎంలలోనూ ఇదే గొడవ ఉంది, ఇంకా ముదిరిన రూపంలో. లాటిన్‌లో ఏఎం అంటే మధ్యాహ్నానికి ముందు, పీఎం అంటే మధ్యాహ్నం తర్వాత. మరి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు? ముందూ కాదు, తర్వాతా కాదు. అక్షరార్థం చూస్తే 12 పీఎం అన్న మాటకి అర్థమే లేదు. వాడుకలో 12 పీఎం మధ్యాహ్నంగానూ 12 ఏఎం అర్ధరాత్రిగానూ స్థిరపడ్డాయి, డిజిటల్ గడియారాలూ ఫోన్లూ అలాగే చూపిస్తాయి. కానీ పాత కాగితాల దగ్గర జాగ్రత్త. అమెరికా ప్రభుత్వ ముద్రణ శాఖ శైలి నియమావళి 2000 నాటి కూర్పు దీనికి సరిగ్గా తిరగేసి చెప్పింది: 12 పీఎం అంటే అర్ధరాత్రి, 12 ఏఎం అంటే మధ్యాహ్నం. 2008 కూర్పులో దాన్ని మార్చి ఇప్పటి వాడుకలోకి తెచ్చారు. అందుకే ఒప్పందాల్లో, గడువుల్లో ఒట్టి "12 పీఎం" అని రాయకూడదని నేనంటాను. "మధ్యాహ్నం 12" అనో "1200" అనో రాస్తే వాదనకి తావుండదు.

తెలుగులోకి చెప్పేటప్పుడు ఇంకో మెలిక

చార్టు చూసి ఇంకొకరికి ఫోన్‌లో చెబుతాం కదా, అక్కడ మన భాషే ఒక్కోసారి కొంప ముంచుతుంది. మన "రాత్రి" అర్ధరాత్రి దగ్గర ఆగదు. రాత్రి తొమ్మిది అంటాం, రాత్రి రెండు అని కూడా అంటాం. మొదటిది పీఎం, రెండోది ఏఎం. మాట ఒకటే, తేదీలు రెండు. "శుక్రవారం రాత్రి ఒంటిగంటకి రా" అని ఎవరైనా అంటే వాళ్ళ మనసులో ఉన్నది దాదాపు ఎప్పుడూ శుక్రవారం పడుకున్నాక వచ్చే ఒంటిగంటే. చార్టులో మాత్రం అది శనివారం 0100. ఇరవై నాలుగు గంటల పద్ధతిలో తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది, మనం నిద్ర లేచేదాకా ఆగదు.

కాబట్టి 0000 నుంచి 0359 మధ్య వేళలు నోటితో చెప్పాల్సివస్తే రెండు రోజుల పేర్లూ కలిపి చెప్పండి: "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం అనగా, ఒంటిగంటకి". పొడుగ్గానే ఉంటుంది. ఉన్నా సరే. నాలుగు దాటాక "తెల్లవారుజామున" అంటే ఎవరూ ముందురోజు అనుకోరు.

మధ్యాహ్నం వైపు ఇంత బెడద లేదు. 1200 నుంచి సుమారు 1559 దాకా మధ్యాహ్నం, అక్కణ్ణుంచి 1859 దాకా సాయంత్రం, తర్వాత రాత్రి. ఈ హద్దులు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. అయినా అంతా పీఎమే కాబట్టి లెక్క చెడదు.

రాయడం, పలకడం

మిలిటరీ టైమ్‌కీ, మామూలు ఇరవై నాలుగు గంటల టైమ్‌కీ (మనవాళ్ళు రైల్వే టైమ్ అనేది) లెక్కలో తేడా లేదు, రాతలో ఉంది. రైల్వే టైమ్‌లో మధ్యలో రెండు చుక్కలుంటాయి, 18:30. మిలిటరీలో చుక్కలుండవు, నాలుగంకెలూ ఉండి తీరాలి. 930 అని రాయకూడదు, 0930. ముందు సున్నా అలంకారం కాదు. అది లేకపోతే చదివేవాడికి ఒక అంకె రాయడం మరిచారేమో, 1930ని 930 అని రాశారేమో అన్న అనుమానం వస్తుంది.

పలికేటప్పుడు రెండేసి అంకెలుగా విడగొడతారు. 1315 "థర్టీన్ ఫిఫ్టీన్", 0545 "జీరో ఫైవ్ ఫార్టీఫైవ్". నిమిషాలు సున్నా అయితే "హండ్రెడ్" అంటారు: 0600 "జీరో సిక్స్ హండ్రెడ్", 2200 "ట్వంటీటూ హండ్రెడ్". 2000ని "టూ థౌజండ్" అనరు, "ట్వంటీ హండ్రెడ్" అంటారు. ఇక్కడ వందకి వంద అన్న అర్థం లేదు, "నిమిషాలు సున్నా" అని చెప్పడమే. ఇది పట్టించుకోని కొత్తవాళ్ళు 1430 దాటి 1460 దాకా నిమిషాలు ఉంటాయనుకుని లెక్కలు వేస్తారు. 1459 తర్వాత వచ్చేది 1500.

సైన్యాలు ఈ పద్ధతి పట్టిందీ వేళ విషయంలో పొరపాటు పడకుండా ఉండడానికే. బ్రిటిష్ నౌకాదళం 1915లో, సైన్యం 1918లో దీనికి మారాయి. అమెరికా నౌకాదళం 1920లో మారితే, అక్కడి సైన్యం 1942 జులై 1 దాకా మారలేదు.

నాలుగంకెల వెనక అక్షరం ఉంటే ఆగండి. 1830 తర్వాత ఇంగ్లీషు జెడ్ ఉంటే ("జూలూ" అని చదువుతారు) అది మీ ఊరి వేళ కాదు, యూటీసీ, అంటే ప్రపంచంలోని టైమ్ జోన్లన్నీ లెక్కకి ఆధారంగా తీసుకునే వేళ. ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో టైమ్ జోన్‌కి ఒక్కో అక్షరం ఇచ్చారు. ఏ నుంచి ఎం దాకా యూటీసీ కంటే ముందున్నవి, ఎన్ నుంచి వై దాకా వెనకున్నవి. జే అక్షరాన్ని మాత్రం "చూసేవాడు ఎక్కడుంటే అక్కడి వేళ" అనే అర్థానికి పక్కన పెట్టారు. ఇలాంటివి వస్తే ముందు జోన్ మార్చండి, ఆ తర్వాతే ఏఎం, పీఎం. 1830 జెడ్‌ని చూసి సాయంత్రం ఆరున్నర అని రాసుకున్నారనుకోండి. యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుండే జోన్‌లో అది మర్నాటి 0000. వేళతో పాటు తేదీ కూడా పోయింది. వెనకున్న జోన్లకి ఇది తిరగబడుతుంది: 0300 జెడ్ అంటే ఐదు గంటలు వెనకున్న చోట ముందురోజు 2200.

కొన్ని సందేశాల్లో ఆరంకెలుంటాయి, 150930 తర్వాత జెడ్. మొదటి రెండూ తేదీ, తర్వాతి నాలుగూ వేళ. అంటే 15వ తేదీ 0930. దీన్ని 15 గంటల 9 నిమిషాల 30 సెకన్లని చదవడం నేను తరచూ చూసే పొరపాటు. చదివితే అతుకుతుంది కూడా, అందుకే పట్టుబడదు.

డ్యూటీ ఎన్ని గంటలు? తీసివేతలో ఉచ్చు

మీరు అడగలేదు గానీ చార్టు చేతిలో ఉన్నవాడు తర్వాత చేసేది ఇదే. 1645 నుంచి 1730 దాకా ఎంతసేపు? 1730లోంచి 1645 తీస్తే క్యాలిక్యులేటర్ 85 చూపిస్తుంది. అసలు జవాబు 45 నిమిషాలు. కారణం తేలికే: క్యాలిక్యులేటర్ దృష్టిలో గంటకి వంద, గడియారంలో అరవై. గంట గడప దాటిన ప్రతిసారీ 40 ఎక్కువ వస్తుంది. 85లోంచి 40 తీస్తే 45, సరిపోయింది. అయినా ఆ దారి వద్దు. గంటల్నీ నిమిషాల్నీ విడదీసి, నిమిషాలు చాలకపోతే ఒక గంటని అరవై నిమిషాలుగా అప్పు తెచ్చుకోండి. 17 గంటల 30 నిమిషాలంటే 16 గంటల 90 నిమిషాలు. అందులోంచి 16 గంటల 45 నిమిషాలు తీస్తే 45.

అర్ధరాత్రి దాటే డ్యూటీకి ముగింపు గంటకి 24 కలపండి. 2145కి ఎక్కి 0615కి దిగారు. 6కి 24 కలిపితే 30 గంటల 15 నిమిషాలు, అంటే 29 గంటల 75 నిమిషాలు. అందులోంచి 21 గంటల 45 నిమిషాలు తీస్తే 8 గంటల 30 నిమిషాలు. ఏఎం, పీఎంలో ఇదే లెక్క వెయ్యాలంటే రాత్రి 9:45 నుంచి 12 దాకా ఒక ముక్క, అక్కణ్ణుంచి 6:15 దాకా ఇంకో ముక్క వేసి కలుపుకోవాలి. ఈ ఒక్క సుఖం కోసమైనా చార్టుని మార్చకుండా అలాగే చదవడం అలవాటు చేసుకోమంటాను.

గడియారాన్ని ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో పనైతే, జరిపే రాత్రి ఈ లెక్క కుదరదు. వెనక్కి జరిపిన రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది. 0130 అని రాస్తే ఏ 0130 అన్నది నాలుగంకెల్లో తెలియదు.

ఎక్సెల్‌లో

ఫంక్షన్ పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, షీట్‌లో ఇంగ్లీషులోనే కొట్టండి.

ముందు ఏం జరుగుతోందో తెలియాలి. ఎక్సెల్‌కి ఒక రోజు అంటే 1. మధ్యాహ్నం పన్నెండు 0.5, సాయంత్రం ఆరు 0.75. మీరు గడిలో 1430 కొట్టి దానికి టైమ్ ఫార్మాట్ పెడితే 1430 రోజులు అనుకుంటుంది. వేళ 00:00 అని చూపిస్తుంది, తేదీ అడిగితే 1903 నవంబరు 30 అంటుంది. ఫార్మాట్ మార్చడం వల్ల విలువ మారదు. విలువనే మార్చాలి (చార్టులోని వేళ ఏ2 గడిలో ఉందనుకుందాం):

=టైమ్(ఇంట్(ఏ2/100), మాడ్(ఏ2,100), 0)

వందతో భాగిస్తే వచ్చే పూర్ణాంకం గంట, శేషం నిమిషాలు. ఈ ఫలితం ఉన్న గడికి ఏఎం/పీఎం ఉన్న టైమ్ ఫార్మాట్ ఎంచుకుంటే పని అయిపోయింది. చార్టు ఫైలు తెరిచేటప్పుడు ముందు సున్నాలు ఎగిరిపోయి 0045 కాస్తా 45గా, 0005 కాస్తా 5గా కనిపించినా కంగారుపడకండి. ఈ ఫార్ములాలో 45ని వందతో భాగిస్తే 0, శేషం 45. 12:45 ఏఎం సరిగ్గానే వస్తుంది. కంటికి మాత్రం సున్నాలు కావాలంటే ఆ గడికి నాలుగు సున్నాల కస్టమ్ ఫార్మాట్ ఇవ్వండి.

అది తప్పేది మూడు చోట్ల.

మొదటిది 2400. టైమ్ ఫంక్షన్ 24ని 24తో భాగించి శేషం సున్నా తీసుకుంటుంది, 00:00 అంటుంది, పక్కనున్న తేదీని మాత్రం ముందుకి జరపదు. 15వ తేదీ చివరన ఉండాల్సింది 15వ తేదీ మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది. తేదీ బీ2లో ఉందనుకుంటే ఇలా రాయండి, 2400కి తేదీ దానంతటదే మారుతుంది:

=బీ2 + ఇంట్(ఏ2/100)/24 + మాడ్(ఏ2,100)/1440

రెండోది, కలగాపులగంగా ఉన్న కాలమ్. కొన్ని గడుల్లో 1430, కొన్నింట్లో ఎవరో 14:30 అని కొట్టి ఉంటారు. చుక్కలు పెట్టి కొట్టినదాన్ని ఎక్సెల్ అప్పటికే 0.604గా మార్చేసుకుని ఉంటుంది. దాని మీద ఫార్ములా వేస్తే తప్పని చెప్పదు, చప్పుడు చెయ్యకుండా 12:00 ఏఎం ఇస్తుంది. కాబట్టి మార్చాక కాలమ్‌లో అనుమానాస్పదంగా ఎక్కువ 12:00 ఏఎంలు కనిపిస్తే, మూలంలో 1 కంటే చిన్నవి ఉన్నాయేమో వెతకండి.

మూడోది మన రాత అలవాటు. మనం "సా. 6.30" అని ఒకే చుక్కతో రాస్తాం. అదే చేత్తో గడిలో 6.30 కొడితే ఎక్సెల్‌కి అది 6.3. టైమ్ ఫార్మాట్ పెట్టగానే 07:12 చూపిస్తుంది, ఎందుకంటే రోజులో పదింట మూడు వంతులు 7 గంటల 12 నిమిషాలు. ఒకరకంగా ఇది మంచి తప్పే, వికారంగా ఉంటుంది కాబట్టి కంటపడుతుంది.

రాత్రి డ్యూటీల నిడివికి =మాడ్(ముగింపు-మొదలు, 1) వాడండి. అర్ధరాత్రి దాటినా మైనస్ రాదు. వారం మొత్తం కూడేటప్పుడు ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని (హెచ్) చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. లేకపోతే ఎనిమిదున్నర గంటల డ్యూటీలు ఐదు కలిపినా 42:30 బదులు 18:30 కనిపిస్తుంది. 24 దాటినది మింగేస్తుంది. జీతం లెక్కకి దశాంశాల్లో కావాలంటే ఆ మొత్తాన్ని 24తో గుణించండి, 42.5 వస్తుంది.

వెనక్కి, అంటే ఏఎం, పీఎం నుంచి నాలుగంకెల్లోకి రావాలంటే టెక్స్ట్ ఫంక్షన్‌లో రెండు హెచ్‌లు, రెండు ఎంలు ఖాళీ లేకుండా ఇవ్వండి, 2145 వస్తుంది. మూల గడిలో 9:45కీ పీఎంకీ మధ్య ఖాళీ లేకపోతే ఎక్సెల్ దాన్ని వేళగా గుర్తించదు, అక్షరాలనుకుంటుంది. వేళలు గడిలో ఎడమవైపు అతుక్కుని కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

ప్రోగ్రామ్ రాసేవాళ్ళెవరైనా చదువుతుంటే

"గంట 12 కంటే ఎక్కువైతే 12 తీసి పీఎం, లేకపోతే ఏఎం" అని రాసిన కోడ్ ఎన్నిచోట్ల చూశానో. దాంట్లో రెండు పురుగులున్నాయి: 1230ని 12:30 ఏఎం అంటుంది, 0030ని 0:30 ఏఎం అంటుంది. పైన చెప్పిన వరసలో, ముందు ఏఎం, పీఎం తేల్చి తర్వాత అంకె మార్చాలి. పరీక్షకి ఎనిమిది విలువలు చాలు: 0000, 0059, 0100, 1159, 1200, 1259, 1300, 2359. ఈ ఎనిమిదీ సరిగ్గా వస్తే మిగతావి తప్పవు.

ఇంకొకటి ఫార్మాట్ అక్షరాలు. జావా పద్ధతిలో పెద్ద హెచ్ 0 నుంచి 23, చిన్న హెచ్ 1 నుంచి 12, చిన్న కే 1 నుంచి 24, పెద్ద కే 0 నుంచి 11. చిన్న హెచ్ వాడి పక్కన ఏఎం/పీఎం గుర్తు పెట్టడం మరిచిపోతే 14:05 కాస్తా 02:05గా దాఖలవుతుంది. పొద్దున పరీక్షించినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తప్పులు మొదలవుతాయి. అలా దాఖలైనది మళ్ళీ బాగుచెయ్యలేం, పీఎం అన్న సమాచారమే అందులో లేదు. ఒరాకిల్‌లో ఒట్టి హెచ్‌హెచ్ అంటే పన్నెండు గంటలదే, వెనక 24 అని చేర్చాలి. ఎంఎం అంటే నెల, నిమిషాలకి ఎంఐ.

ఫోన్ మార్చుకోండి

పదిరోజులు ఫోన్ గడియారాన్ని ఇరవై నాలుగు గంటలకి పెట్టుకుంటే ఈ సూత్రాలేవీ అవసరం రావు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డేట్ అండ్ టైమ్‌లో 24 గంటల ఫార్మాట్ ఉంటుంది (కొన్ని ఫోన్లలో దారి కొంచెం మారుతుంది). "భాషని బట్టి" అన్న మీట ఆన్‌లో ఉంటే ముందు అది ఆపాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్.

దీంతో అలారం కూడా ఏఎం, పీఎం తారుమారు కాకుండా కుదురుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ చార్టులో శనివారం 0030 డ్యూటీ ఉందనుకోండి, 2300కి లేవాలి. ఆ అలారానికి ఎంచుకోవాల్సిన వారం శుక్రవారం. శనివారం 2300కి పెడితే అది మోగేసరికి డ్యూటీ మొదలై ఇరవై రెండున్నర గంటలు అయిపోయి ఉంటుంది.